బోర్లా కాల్చిన బొమ్మ

హార్న్‌బీమ్ సందుకు మంచి పేరు ఉండేది కాదు. స్ట్రాండ్ వీధి రద్దీకి కూతవేటు దూరమే అయినా, పొగమంచు దిగిన సాయంత్రం అటుగా నడిచేవాళ్ళు తక్కువ. ఆ సందు మలుపులో మూతబడ్డ అచ్చుబొమ్మల దుకాణం ఒకటుండేది. దాని అద్దాల కిటికీకి ఎదురుగా, పొడవాటి టోపీ పెట్టుకున్న ఒకాయన నిలబడి ఉంటాడని చెప్పుకునేవాళ్ళు. ఎడమ అరచేతిని అద్దానికి ఆనించి ఉంటాడట. ముఖం మాత్రం ఇటు తిప్పడు.

దాటిపోయేవాళ్ళను ఒక్కటే అడుగుతాడట — గుసగుసగా, ఎంతో మర్యాదగా...

"కాస్త చూసి చెప్పండి. ఏ చెయ్యి?"

జవాబు చెప్పినవాళ్ళు లేరు. పరుగెత్తినవాళ్ళే అందరూ.

ఈ సంగతి నాకు చెప్పినవాడు ఆంబ్రోజ్ పెల్. విక్టోరియా రాణి కాలపు వ్యంగ్యచిత్రాలకు వెలకట్టడంలో ఆయన కన్నుకు మా లండనులో సాటి లేదు. 'పెల్ కొనేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటాడు, లోపాలన్నీ కనబడాలని. అమ్మేటప్పుడు తీసేస్తాడు' అని వేలంశాలలో హాస్యమాడేవాళ్ళం. అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు.

ఆ దుకాణం కిటికీలో ఒకప్పుడు ఎప్పటికప్పుడు కొత్త వ్యంగ్యచిత్రాలు వేలాడేవి. కొనే స్తోమత లేనివాళ్ళు వీధిలో గుమిగూడి ఊరికే నవ్వుకునేవాళ్ళు. అలా వేలాడిన బొమ్మల్లో ఒకటి — ధర్మాసుపత్రి బల్ల మీద ఒక బీదవాడు, జేబులో సారా సీసాతో అతని మంచి కాలు కోసేస్తున్న వైద్యుడు. వైద్యుడి ముఖం సగం టోపీ మింగింది, సగం గడ్డం మింగింది. కింద పేరు లేదు. కానీ కత్తి ఎడమచేతిలో ఉంది.

ఆ ఆసుపత్రిలో ఎడమచేతివాటం వైద్యుడు ఒక్కడే. జోసయా వింటల్.

జనానికి అంతకంటే ఏం కావాలి? రోగులు మొహం చాటేశారు. కుర్రకారు ఆయన వెనకే కుంటుతూ నడిచారు. అది నేను కాదని ఆయన మొత్తుకున్నకొద్దీ నవ్వు పెరిగింది. రోజూ పొద్దువాలగానే వచ్చి ఆ కిటికీ ముందు నిలబడేవాడట, ఆ బొమ్మలో తానెక్కడ ఉన్నాడో వెతుక్కుంటున్నట్టు... ఒక చలి రాత్రి అక్కడే కూలిపోయి ప్రాణం విడిచాడు.

అప్పటినుంచి ఆ కుటుంబం ఒక నియమం పెట్టుకుంది. ఆ బొమ్మ ప్రతి ఎక్కడ అమ్మకానికొచ్చినా కొనాలి. దాని వైపు చూడకుండా, బోర్లా పట్టుకుని పొయ్యిలో వేయాలి. కొడుకు కాల్చాడు. మనవరాలు కాల్చింది. వాళ్ళు కాల్చినకొద్దీ మిగిలిన ప్రతులు అరుదయ్యాయి. అరుదైనకొద్దీ మేం, బొమ్మల వ్యాపారులం, వెల పెంచాం. ఆ ఇంటి మంట దగ్గర మా వృత్తి అంతా చలి కాచుకుందన్నమాట.

దుకాణం మూతబడినప్పుడు, అందులో మిగిలిపోయిన బొమ్మల కట్టనంతా ఆ మనవరాలు మిస్ హెస్టర్ వింటల్ కొనేసింది. అప్పటికే ఆమెకు చూపు మందగించింది. కట్టలో ఏముందో చూసిపెట్టమని పెల్‌కు కబురు పంపింది. నవంబరు నెల, టీ పోసేసరికే బయట చీకటి పడింది. పొయ్యి పక్క కుర్చీలో ఆమె, దీపం కింద కట్ట విప్పుతూ ఆయన.

నాసిరకం అచ్చుల మధ్యలో... ఆ కాగితం.

అచ్చు కాదు. సిరా గీత. గీత కింద పెన్సిలు జాడ, చెరిపి మళ్ళీ గీసిన మోచెయ్యి. చిత్రకారుడు స్వయంగా గీసిన అసలు బొమ్మ.

అందులో కత్తి కుడిచేతిలో ఉంది.

పెల్‌కు క్షణంలో అర్థమైంది. కాగితం మీది బొమ్మను ఉన్నదున్నట్టు చెక్క మీదికెక్కించి చెక్కితే, అచ్చులో అది అద్దంలో నీడలా తిరగబడుతుంది. ఒళ్ళెరిగి పనిచేసేవాడు ముందే తిప్పి చెక్కుతాడు. ఈ చెక్కినవాడు తొందరపడ్డాడు... అంతే. ఆ తాగుబోతు మరెవరో. వింటల్ కాడు. ఇన్నేళ్ళూ కాడు.

"ఆగిపోయారేం, పెల్ గారూ?" అంది ఆమె.

"మీ తాతగారి బొమ్మేనండి."

"గీసిందా? అచ్చా?"

అసలు బొమ్మ అంటే ఆమె వదలదు. అరిగిన అచ్చు అంటే, కాల్చేయమని తనకే పారేసినట్టు ఇచ్చేయవచ్చు. ఆ తర్వాత దాన్ని తానే కనిపెట్టానని లోకానికి చూపించవచ్చు. పెల్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"అచ్చేనండి. అదీ అరిగిపోయింది," అన్నాడు, తల ఎత్తకుండా. "మీకెందుకు శ్రమ, మిగతా చెత్తతో పాటు నేనే పట్టుకెళ్ళి కాల్చేస్తాను."

ఆమె నవ్విందట. "మా నాన్నతోనూ మీవాళ్ళు ఇలాగే అన్నారు. పట్టుకెళ్ళిన ప్రతినే మళ్ళీ మాకు రెండింతలకు అమ్మారు. ఇలా ఇవ్వండి."

చెయ్యి చాపింది. ఇవ్వక తప్పలేదు. ఆమె కాగితాన్ని బోర్లా తిప్పింది — చూపున్న రోజుల అలవాటు.

"గీసిందైతే దాచుకునేదాన్ని. అచ్చువేసినవాళ్ళ మాట కాదు, గీసినవాడి చెయ్యి చెప్పాలి అది నేనో కాదో — అని పోయేముందు తాతయ్య అన్నాడట. అచ్చుతో నాకేం పని?"

పెల్ ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట అంటే తాను అబద్ధమాడినట్టు ఒప్పుకోవాలి. రేపు వేలంశాల అంతా నవ్వుతుంది.

"ఒక్క క్షణం, మిస్ వింటల్..."

"ఏమిటి?"

పెల్ నోరు తెరిచాడు.

"...మీ టీ చల్లారిపోతోంది."

ఆమె కాగితాన్ని వదిలేసింది. మంట అంచులు పట్టి ముడుస్తుంటే అది ఒక్కసారి వెల్లకిలా తిరిగింది. కత్తి పట్టిన కుడిచెయ్యి ఎర్రగా వెలిగి... నల్లబడింది.

"ఇంకెన్ని మిగిలాయో," అంది ఆమె, చేతులు దులుపుకుంటూ.

బయటికొచ్చేసరికి పొగమంచులో ఒక్క బండీ లేదు. స్ట్రాండుకు అడ్డదారి హార్న్‌బీమ్ సందే. పెల్ తల వంచుకుని నడిచాడు. మలుపులో దీపం మసగ్గా ఉంది. అద్దానికి ఆనిన అరచెయ్యి ముందు కనబడింది. తర్వాత టోపీ.

"కాస్త చూసి చెప్పండి. ఏ చెయ్యి?"

పరుగెత్తాల్సింది. కానీ ఇన్నేళ్ళ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి లోకంలో ఆయనొక్కడే. చెప్పేస్తే ఆ ఆత్మకు శాంతి కలుగుతుందనుకున్నాడో, తనకే కలుగుతుందనుకున్నాడో...

"కుడిచెయ్యి," అన్నాడు.

అద్దం మీంచి చెయ్యి మెల్లగా దిగింది. టోపీ కదిలింది. ఎవరివైపూ తిరగని ముఖం ఇటు తిరిగింది.

"చూపించండి."

ఆ సందులో ఇప్పుడు ఏ భయమూ లేదు. మూతబడ్డ దుకాణంలో టోపీలమ్ముతున్నారు. పెల్ మాత్రం తన ఇంట్లో అద్దాలన్నీ తీయించేశాడు, కిటికీలకు దళసరి తెరలు కట్టించాడు. ఆ తెరల మధ్య కూర్చునే నాకిదంతా చెప్పాడు. చెప్పడం ముగించి, కిటికీకి వీపు పెట్టుకునే, మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు... తెర అవతల నుంచి మీకేమైనా వినబడిందా?"

"లేదే," అన్నాను. వెలకట్టేటప్పుడు మేమంతా అబద్ధమాడే తీరులోనే, తల ఎత్తకుండా.