కొసరు గాలి

"ఇక వాల్వు మీద చెయ్యి తీసెయ్యండి. ఇవాళ్టినుంచి దాన్ని యంత్రం చూసుకుంటుంది" అంది ఆ యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ వకుళ.

గవర్రాజు చెయ్యి తీయలేదు. సముద్రం అడుగున ఖనిజాలు తవ్వేవాళ్ల కోసం కట్టిన లోతుపేటకు ఇన్నేళ్లూ ఆక్సిజన్ వదిలింది అతనే. పేట అన్నారు గానీ ఉన్నది ఒక పొడవాటి నడవ, అటూ ఇటూ గదులు, ఆఫీసు లెక్కలో వకుళతో కలిపి ముప్పై అయిదుగురు మనుషులు.

మనిషికి గంటకు ఒక మోల్ ఆక్సిజన్ కావాలి. మోల్ అనగానే కంగారు పడనక్కర్లేదు. మనం అరటిపళ్లు డజన్లలో కొన్నట్టే కెమిస్ట్రీవాళ్లు అణువుల్ని మోల్స్‌లో లెక్కపెడతారు, వాళ్ల డజను కాస్త పెద్దదంతే. చిక్కల్లా ఏమిటంటే, ఒడ్డు మీది ఆఫీసు గంటకు ఇన్ని కిలోమోల్స్ అని చెబుతుంది, కింద వాల్వు మీద సెకనుకు ఇన్ని మోల్స్ అని గీతలుంటాయి. కిలోకి వెయ్యి, గంటకు మూడు వేల ఆరువందల సెకన్లు. కాబట్టి పై అంకెను 3.6తో భాగిస్తే కింది అంకె వస్తుంది. ఆఫీసు పంపే అంకె 0.035. భాగిస్తే 0.00972, దాని వెనక ఇంకా బోలెడు తోక.

గవర్రాజు మాత్రం మూడున్నరతో భాగించేవాడు. సరిగ్గా 0.01 వచ్చేది. వాల్వును ఆ గీత మీద నిలబెట్టేవాడు.

"ఎందుకలా చేస్తున్నారు? తప్పు కదా?"

"మా మేస్త్రీ అలాగే నేర్పినాడమ్మా. కూరగాయలోడే కొసరేస్తాడు, ఊపిరికి మనం ఎయ్యమా అనీవోడు."

"ఆ కొసరు ఒక మనిషికి సరిపోయేంత ఉంది. ఏమైపోతోంది మరి?"

"తవిటయ్య పీలుస్తాడు గదమ్మా."

తవిటయ్య ఆ పేట గోడలన్నీ వెల్డింగ్ చేసినవాడు. రిటైరైన రోజునే ఆఫీసు ఆయన నంబరు కొట్టేసింది. పైకి వెళ్లిపోదామంటే, ఇన్నేళ్లు లోతులో బతికిన ఊపిరితిత్తులు ఆ ఒత్తిడి మార్పును తట్టుకోవని డాక్టర్లు చెప్పారు. ఉండటానికి వీల్లేదు, పోవడానికి వీల్లేదు. ఇలాంటి ఇరకాటాలు ఆఫీసులకు ఎందుకు కనబడతాయి? పేట జనమే ఆయన్ని పూటకొకరు భోజనానికి పిలిచేవాళ్లు. గదుల తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచి ఉండేవి. ఎవరి గాలి ఎవరు పీలుస్తున్నారో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరూ అనుకోలేదు.

వకుళ యంత్రం అంకెను పది దశాంశాల దాకా మారుస్తుంది. అక్కడితో ఆగకుండా, ఏ గదికి ఎందరి నంబర్లున్నాయో చూసి ఆ గదికి అంతే పంపుతుంది. ప్రతి గుమ్మం మీదా ఒక చిన్న తెర, దాని మీద ఆ గది వాటా కనబడుతూ ఉంటుంది, వాటాకు మించి పీలిస్తే అంకె రంగు మారుతుంది. నడవలో ఎవరూ కాపురం ఉండరు కాబట్టి నడవకు ఏమీ రాదు. యంత్రం తాళం ఒడ్డు మీదే ఉంది. మనిషి చెయ్యి పడితేనే తప్పు పడుతుందని, అలా పెట్టమని పట్టుబట్టింది వకుళే.

ఆమె చెడ్డది కాదు. ముందే లెక్క చూసుకుంది. తలుపులు ఎప్పట్లాగే తెరిచి ఉంచితే తలా రవ్వంత తగ్గుతుంది, ఎవరికీ తలనొప్పి కూడా రాదు. జనం అలాగే ఉంటారనుకుంది.

కానీ ఇప్పుడు గుమ్మం మీద అంకె ఉంది. తవిటయ్య మొదటిపూట భోజనానికి కూర్చున్న ఇంట్లో ఆ అంకె ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరిగింది. వడ్డిస్తున్న ఇల్లాలు రెండుసార్లు తలెత్తి చూసింది. మర్నాడు ఆమె భర్తకు ఒంట్లో బాగోలేదు. ఆ పక్కింట్లో ఎవరికో నిద్ర చాల్లేదు. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. మనుషులు మరీ రాక్షసులేం కాదు, అన్నం గిన్నెలు గుమ్మం బయట పెట్టి లోపలికి పోయేవాళ్లు. తవిటయ్య జన్మలో అంత తిండి ఎప్పుడూ చూడలేదు. గవర్రాజు ఆయన్ని తన గదిలోనే పడుకోబెట్టుకున్నాడు గానీ, భార్య ఏడుపు మొదలెట్టాక అతనూ తల దించుకుని తలుపు వేసుకున్నాడు.

వకుళ ఒడ్డుకు కబురు పెట్టింది, మళ్లీ మూడున్నరతో భాగించనివ్వమని.

"మీ యంత్రం తప్పు చూపిస్తోందా?" అని జవాబు వచ్చింది.

అవునంటే పదేళ్ల చాకిరీ బూడిదలో పోసినట్టే. ఆ యంత్రాన్ని కొనడానికి ఇంకో డజను సముద్రపు పేటలు కాచుకుని ఉన్నాయి. "లేదు. సరిగ్గానే పనిచేస్తోంది" అని పంపింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రమే ఆమె తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

"తల్లీ, నేనే. తవిటయ్యని. ఒక్క గంట లోపల కూకుంటాను. మాట్లాడను కూడా. మాటాడితే గాలి ఎక్కువ కరుసవుద్ది గదా."

వకుళ గడియ మీద చెయ్యి వేసింది. తల పైన తెర ఒక్క మనిషి వాటా, 0.000278, చూపిస్తోంది. ఇద్దరు పీలిస్తే గంటలో తనకేమీ కాదు, ఆ సంగతి ఈ పేటలో అందరికన్నా తనకే బాగా తెలుసు. కానీ ఆ పసుపు రంగు ఒడ్డు మీద కూడా కనబడుతుంది. లెక్క తప్పింది ఎవరి గదిలో అని అడుగుతారు. డాక్టర్ వకుళ గదిలోనే అంటారు.

"స్నానానికి వెళ్తున్నాను తాతగారూ. కాసేపాగి రండి."

"అలాగే తల్లీ. కానియ్యి."

ఆయన వెళ్లలేదు. తలుపుకు వీపు ఆనించి కూలబడ్డ చప్పుడైంది, తర్వాత ఎగశ్వాస. ఆ నడవలో మిగిలిన గాలి మనిషికి ఇంకో గంట కూడా రాదని ఇందాక లెక్కకట్టింది తనే. వకుళ స్నానాల గదిలోకి వెళ్లి, ఆయనకు వినబడేలా కుళాయి తిప్పింది.