పన్నెండు ట్రాకుల సాక్ష్యం

ఆదివారం మధ్యాహ్నం ఏలూరులోని ఓ రికార్డింగ్ స్టూడియోలో డప్పు మాయమైంది.

మామూలు డప్పు కాదు. కొల్లేటి లంకలో ఉండే రూబెన్‌కి తాతలనాటి ఆస్తి. రికార్డింగ్‌కి తెచ్చి, అక్కడే పెట్టి మూడింటికి భోజనానికి వెళ్లాడు. మూడూ యాభైకి తిరిగొచ్చేసరికి లేదు. ఆ సమయంలో స్టూడియోలో ఉన్నది ఇద్దరే. ఓనర్ ఫణికిరణ్. తబలా బాగుచేయడానికి తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మదార్.

మదార్ మూడుంబావుకి పెద్ద సంచితో వెళ్లిపోయాడు. ఇంకేం కావాలి? ఎస్సై భానుప్రకాష్ ఆరు కొట్టకముందే గూడెం బజారులో, అందరూ చూస్తుండగా, అతణ్ణి జీపెక్కించాడు. సంచిలో డప్పు లేదు. పనిముట్లే ఉన్నాయి. ఎక్కడో దాచి ఉంటాడులే అనుకున్నాడు. దొంగ దొరికాడనుకున్నాక మనిషికి చెవులు పనిచేయవు.

మంగళవారం ఉదయం మదార్ కూతురు తరన్నుమ్ స్టేషన్‌కి వచ్చింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది.

"ఫణికిరణ్ గారిని ఎందుకు వదిలేశారు సార్?"

"మూడు నుంచి మూడూ యాభై దాకా లోపలి గదిలో కంప్యూటర్ ముందే ఉన్నాడమ్మా. కంప్యూటర్‌లో చేసిన డ్రమ్స్‌ని మిక్సింగ్ కోసం విడివిడి ఫైళ్లుగా తీశాడు. కిక్ అనే పెద్ద డ్రమ్ము ఒక ట్రాకు, స్నేర్ అనే చిన్న డ్రమ్ము ఒక ట్రాకు, అలా పన్నెండు. పాట నాలుగు నిమిషాలు. మొత్తం నలభై ఎనిమిది నిమిషాలు."

"ఆ లెక్క ఎవరు చెప్పారండీ?"

ఎవరూ చెప్పలేదు. భానుప్రకాషే లెక్క వేశాడు. కుర్రతనంలో క్యాసెట్లు కాపీ చేసిన చెయ్యి అది. పాట ఎంతసేపుంటే కాపీ అంతసేపు.

"మీ ఎదురుగా ఒక్కసారి చేయించి చూడండి సార్" అంది తరన్నుమ్.

పదకొండు గంటలకు అందరూ స్టూడియోలో ఉన్నారు. మదార్ ఓ మూల నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ ట్రాకులు మళ్లీ తియ్యండి" అన్నాడు ఎస్సై.

"ఇప్పుడెందుకండీ?"

"తియ్యండి."

ఫణికిరణ్ బటన్ నొక్కాడు. ఎస్సై వాచీ చూశాడు. పన్నెండు ట్రాకులూ రెండు నిమిషాల్లో వచ్చేశాయి.

"ఆదివారం నాటి ఫైళ్ల టైమ్ చూపించండి."

మొదటిది మూడూ రెండు. చివరిది మూడూ నాలుగు.

"కంప్యూటర్ పాట వింటూ కూర్చోదు. గబగబా లెక్కకట్టి ఫైలు రాసేస్తుంది. ఈ టైమ్ ఆ రోజే చూడాల్సింది, నేను చూడలేదు. మిగతా నలభై ఆరు నిమిషాలు ఏం చేశారు? డప్పెక్కడ?" అన్నాడు ఎస్సై.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఫణికిరణ్ చూపు గోడకున్న, శబ్దం పీల్చే ఫోమ్ మీదికి పోయింది. కానిస్టేబుల్ ఫోమ్ ఊడదీశాడు. డప్పు ఉంది. తోలు నిలువునా చిరిగి ఉంది.

"చెమ్మకి మోత మెత్తబడిందండీ. ఆయనొచ్చేలోగా కాచి ఉంచుదామని హీటర్ దగ్గర పెట్టాను. పటుక్కున చిరిగింది. తాతలనాటిదని అన్నారు కదా, ఏ మొహం పెట్టుకుని చెప్పను?" ఫణికిరణ్ ఏడ్చేశాడు.

రూబెన్ డప్పు అందుకుని చుట్టూ తడిమాడు.

"గడ్డిమంట మీద కాచాలి బాబూ. అయినా తోలు చిరిగితే ఏవైందండీ? తాతదంటే ఈ కర్ర చట్రం. తోలు నేనే ఏడుసార్లు మార్పించాను." మూలకి చూశాడు. "కిందటిసారి ఈ మదార్ గారే వేశారు."

భానుప్రకాష్‌కి సిగ్గేసింది. ఫణికిరణ్ మీద కేసు రాయొచ్చు. తన మీద ఎవరు రాస్తారు? జీపులోంచి సంచి తెప్పించి, రెండు చేతులా అందించాడు.

"తప్పు నాదే మదార్ గారూ."

ఆ 'గారు' రావడానికి రెండు రోజులు పట్టింది.

"బాగుకిచ్చిన తబలాలు ముగ్గురు వెనక్కి పట్టుకుపోయారంటండీ" అన్నాడు మదార్. "దొంగ దగ్గర ఉంచడం ఎందుకని."

"రేపు బజారుకొచ్చి నేనే అందరికీ చెబుతాను."

మదార్ సంచి తెరిచి పనిముట్లు ఒక్కొక్కటే చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"యూనిఫారంలోనే రండి సార్. ఆ రోజు అలాగే వచ్చారు కదండీ."