మాట్లాడుతూ నడవండి ఆంటీ

"ఎవరు నువ్వు? మా అమ్మ తలకి కరెంట్ పెట్టావేంది?"

అరుస్తూనే ప్లగ్గు కోసం గోడంతా వెతికాను. ప్లగ్గు లేదు! నేను ఫీజు కట్టి వచ్చేసరికి, నరసరావుపేటలోని ఆ రిహాబ్ సెంటర్లో కుర్చీలో కూర్చున్న మా అమ్మ తల చుట్టూ రబ్బరు పట్టీ, దాని కింద తడి స్పాంజీలు, వాటి నుంచి రెండు వైర్లు. పక్కన నీలం కోటు వేసుకున్న అమ్మాయి.

"నెమ్మది సార్. నేను ఫిజియోథెరపిస్టుని, నా పేరు మానస. అది చిన్న బ్యాటరీతో పనిచేసే మిషన్."

"కరెంటు సంగతి నాకు చెప్పమాక. కారంపూడిలో లైన్‌మన్‌ని నేను!"

"అయితే మరీ మంచిది. రెండు మిల్లీ ఆంపియర్లు. ప్రమాదమా, మీరే చెప్పండి."

గోడ మీంచి చెయ్యి తీసేశాను.

"ఒరేయ్ బెంజిమినూ, చీమలు పాకినట్టుంది, అంతే. నువ్వు అరవమాక, నలుగురూ చూస్తన్నారు" అంది అమ్మ.

మా అమ్మ రూతమ్మ సంబంధాలు కుదురుస్తుంది. వీధి వీధీ తిరుగుతూ, ఆపకుండా మాట్లాడుతూ ఎన్నో పెళ్ళిళ్ళు చేయించింది. పక్షవాతం వచ్చాక నడక కొంత తిరిగొచ్చింది, మాటా తిరిగొచ్చింది. కానీ రెండూ కలిసి రాలేదు. చర్చి మెట్ల దగ్గర ఎవరో "వందనాలు రూతమ్మక్కా" అంటే, జవాబు చెప్పబోయి పడిపోయింది. అప్పటి నుంచి గడప దాటడం మానేసింది. బతిమాలి నేనే ఇక్కడికి తీసుకొచ్చాను.

"నా కొడుక్కి పిల్లనడగాలంటే నా కాళ్ళతో నేనే నడిచిపోయి అడగాల. అప్పటిదాకా పెళ్ళి మాటెత్తొద్దు" అని తేల్చేసింది. ఆ విధంగా నా పెళ్ళి ఆమె అడుగు దగ్గర ఆగిపోయింది.

మానస అంతా విడమరిచి చెప్పింది. "ఈ కరెంటు మెదడుని కాస్త తట్టి లేపుతుందని డాక్టర్ల ఆశ. అందరికీ ఒకేలా పనిచేయదు. అసలు పని నడుస్తూ మాట్లాడటమే. మాట వినగానే కాలు ఆగిందంటే, మనసంతా ఆ మాట మీదికి పోయినట్టు."

వంద నుంచి మూడేసి తీసేస్తూ నడవమంది. అమ్మ ఒప్పుకోలేదు.

"లెక్కలొద్దు తల్లీ. సంబంధాలు చెప్తా. పిడుగురాళ్ల పిల్లోడు, సున్నపు బట్టీలో సూపర్‌వైజరు, మంచి పొడుగు..."

"ఆంటీ, పొడుగు దగ్గర ఆగిపోయారు. నడవండి, మాట్లాడుతూ నడవండి!"

నేను డ్యూటీలు మార్చుకుని మరీ ప్రతిసారీ వెంట వచ్చేవాణ్ణి. "లైన్‌మన్ గారూ, ఇవాళైనా ప్లగ్గు దొరికిందా?" అని నవ్వేది మానస. ఆ నవ్వుకి ఏ ఫ్యూజు వెయ్యాలో నాకు తెలియలేదు.

చికిత్సకి చివరి రోజు రానే వచ్చింది. బయట జోరున వాన. మనసులో మాట ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. పొడవాటి వరండాలో అమ్మ నడుస్తుంటే ఆమెకు అటు మానస, ఇటు నేను.

"మానసా, ఈ ఆదివారం మావాడికి గురజాల పిల్లని ఖాయం చేస్తన్నాం" అంది అమ్మ ఉన్నట్టుండి. "చానా అందగత్తె. నువ్వు భోజనానికి రావాల."

గురజాల పిల్లా? నాకు తెలియకుండానా! కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. కరెంటు స్తంభం మీద కూడా అంత షాకు తినలేదు నేను. పక్కకి చూస్తే ఇంకో షాకు. మానస కూడా ఆగిపోయింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

ఆగనిది అమ్మ ఒక్కతే. ఆ పిల్ల గోంగూర పచ్చడి ఎంత బాగా చేస్తుందో వర్ణిస్తూ, ఒక్కతే వరండా చివరిదాకా వెళ్ళి, గోడ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఏందీ, ఇద్దరూ ఆగిపోయారు? పేషెంటు నేనా మీరా?"

"అమ్మా! నువ్వు ఒక్కదానివే... మాట్లాడుతూ నడిచావ్!"

"అది సరేరా. గురజాల పిల్లెవరని అడగవేంది? ఎవురూ లేరు, ఇప్పుడే పుట్టించా. ఎవురి కాలు ఆగుద్దో చూద్దామని! ఆ సూత్రం ఈ పిల్ల చెప్పిందేగా."

"నేను... మీరు పడిపోతారేమోనని..." అంది మానస.

"నేనెక్కడ పడ్డా? పడింది మీరిద్దరు!"

ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది? "మానస గారూ, మీరంటే నాకు చాలా ఇష్టం" అనేశాను.

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా?" అంది మానస, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి. "నాకూ ఇష్టమే."

అమ్మ మళ్ళీ నడక మొదలుపెట్టింది. ఒక్కో అడుగే వేస్తూ, మాట ఆపకుండా మా వైపు వచ్చింది.

"మీ నాయన ఏ ఊళ్ళో ఉంటాడమ్మా? నేనే వచ్చి అడగాలిగా."

మానస తల దించుకుంది.

"మాచర్లలో. దారిలో ఎక్కడా ఆగకండి ఆంటీ."