పికప్ ఉన్న ఇల్లు

శనివారం పొద్దున్నే గార్లండ్ ఇంటి ముందు, వెనక సామాన్ల తొట్టి ఉన్న తన పికప్ ట్రక్కు కడుగుతున్నారు. చూపు మందగించి, ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టర్లు చెప్పాక ఆయనకి నడిపే యోగం పోయింది గానీ, కడిగే యోగానికి ఎవరూ అడ్డుచెప్పలేదు. చేత్తో తడుముకుంటూ తుడుస్తున్నారు. ఆ బండి గ్యారేజీలో పట్టదు. మూతి లోపల పెడితే తోక బయట ఉంటుంది. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ శివార్లలో ఈ కాలనీ కట్టినవాళ్ళు జనం ఇంత పొడుగు బండ్లు కొంటారని ఊహించలేదు కాబోలు. వీధిలో సగం ఇళ్ళ బాగోతం ఇదే.

వంటింటి కిటికీలోంచి నేడిన్ భర్తనే చూస్తోంది. పెళ్ళయినప్పటినుంచీ ఆమెకి ఈ బండ్లంటే వేళాకోళమే. ఆయన చేసిన ఉద్యోగమేమో ఇన్సూరెన్స్ ఆఫీసులో, మెడకి టై కట్టుకుని. ఆవుల్లేవు, పొలం లేదు, గడ్డిమోపు ఎత్తిన పాపాన పోలేదు. "పాల డబ్బా తేవడానికి ఇంత రథమా!" అని ఎన్నిసార్లు దెప్పిందో. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఒకటి పాతబడగానే మళ్ళీ ఇంకో పికప్పే కొనేవారు.

ఇవాళతో ఆ దెప్పుళ్ళకి కూడా సెలవు. మధ్యాహ్నం బండి కొనేవాడు వస్తున్నాడు. బేరం కుదిర్చింది కూతురు కెండ్రా. ఆ పిల్ల టిఫినుకి, రొట్టెలో గుడ్డు చుట్టిన టాకోల పొట్లం పట్టుకుని లోపలికొస్తూ, "నాన్న ఇంకా దానికి స్నానం చేయిస్తున్నారేంటమ్మా?" అంది.

"అత్తారింటికి పంపుతున్నాం కదా, ముస్తాబు చేసుకోనీ," అంది నేడిన్. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

"నువ్వు దిగులుపడకు. ఎత్తు తక్కువ కారు చూశాను. నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి చాలు. దీంట్లోకి ఎక్కాలంటే నీకు నిచ్చెన కావాలి."

ఈలోగా ఫోన్ మోగింది. గార్లండ్ తడి చేతులతోనే లోపలికి పరిగెత్తుకొచ్చారు, దారిలో కుర్చీ తన్నుకుంటూ. ఈ మధ్య ఎప్పుడు ఫోన్ మోగినా ఆయనకి అదే తొందర. చేసేదేమో పైకప్పు రిపేరు చేయిస్తారా అంటూ బేరానికొచ్చే ఎవడో. పెట్టేసి, "రాంగ్ నంబర్," అని గొణుక్కుంటూ మళ్ళీ ఫోన్ పక్కనే కూర్చునేవారు.

ఈసారి ఫోన్‌లో క్లోవిస్ టబ్. చర్చిలో ఏ పనికైనా ముందుండే మనిషి, గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"గార్లండ్, ఇంట్లోనే ఉన్నావా? ఏమీ అనుకోకు. ఫోన్ చేసి నిన్ను ఇబ్బంది పెట్టొద్దని కెండ్రా మా అందరికీ చెప్పింది. కానీ నాకింకో దారి లేదు. మాంసం కాల్చే చర్చి పొయ్యి, బండి వెనక తగిలించి లాగే ట్రైలర్ మీద మా ఇంటి ముందుంది. నా బండి మొండికేసింది. జింకల వేట మొదలైన వారం కదా, ఊళ్ళో బండ్లన్నీ అడవుల్లోనే ఉన్నాయి. మధ్యాహ్నంలోగా నిప్పు రాజేసి రాత్రంతా మాంసం కాల్చకపోతే రేపు మూడొందల మందికి పెట్టే విందు గోవిందా. నీ పికప్ ఎవరైనా నడపగలిగితే..."

గార్లండ్ ఆ మాట పూర్తికానివ్వలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి కూతురున్న వైపు తిరిగారు.

"ఫోన్ చెయ్యొద్దని నువ్వు చెప్పావా?"

కెండ్రా చేతిలో పొట్లం బల్ల మీద పెట్టేసింది. "వాళ్ళు అడిగితే నువ్వు కాదనలేవు నాన్నా. నడపలేనని పదిమందికీ చెప్పుకోవాల్సి వస్తే కుమిలిపోతావని..."

"నన్నందరూ మర్చిపోయారనుకున్నాను," అన్నారు ఆయన. "రోజూ ఈ ఫోన్ పక్కనే కూర్చుని, గార్లండ్ పని అయిపోయిందని ఊరంతా అనుకుంటోందనుకున్నాను. ఆ మాట నువ్వే చాటించి వచ్చావన్నమాట."

"నీ మంచికే కదా! అసలు ఆ బండితో ఏనాడైనా పనిబడిందా నీకు? అమ్మనే అడుగు!"

 తను సరదాగా అంటూ వచ్చిన మాట కూతురి నోట నేడిన్‌కే అంత కటువుగా వినిపిస్తుందనుకోలేదు.

గార్లండ్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "మా నాన్న జీవితమంతా వేరేవాళ్ళ పశువుల దగ్గర పనిచేశాడు. మాకు బండి లేదు. ఇల్లు మారాలంటే పక్కింటాయన గుమ్మం ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడేవాడు. ఆయన తీరిగ్గా కాఫీ తాగి వచ్చేదాకా. ఆ పక్కన నేనూ నిలబడేవాణ్ణి." ఆయన తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నారు. "ఇన్సూరెన్స్ వాడు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు కెండ్రా. వారమంతా నన్ను చూసి తలుపులేసుకున్నవాళ్ళే, శనివారం వస్తే నాకు ఫోన్ చేసేవాళ్ళు. సోఫా మార్చాలి గార్లండ్, ఫ్రిజ్ తేవాలి గార్లండ్. ఎవర్నీ గుమ్మంలో నిలబెట్టలేదు నేను. పాల డబ్బా కోసం కాదు నేడిన్ ఈ బండి."

ఆ శనివారాలన్నీ నేడిన్‌కి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చెమటలు కక్కుతూ, నడుం పట్టేసి, అయినా ఈల వేసుకుంటూ ఇంటికొచ్చే మనిషి. "ఊరందరి చాకిరీ నీకెందుకు?" అని మొహం మాడ్చుకున్న తను. ఆ ఈల ఎందుకో ఒక్కసారైనా అడగలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే పొయ్యికి ఆలస్యమవుతుందని మింగేసి ఫోన్ అందుకుంది.

"క్లోవిస్, వస్తున్నాం."

"ఎవరు నడుపుతారు?" అన్నాడు క్లోవిస్.

"నేను. మా పిల్లి నడుపుతుందనుకున్నావా?"

"అమ్మా!" కెండ్రా అరిచింది. "ట్రైలర్ తగిలించుకుని ఎప్పుడైనా నడిపావా నువ్వు?"

"లేదు. నిన్ను కనేముందు పిల్లల్ని కన్నానా? నడు, ఎక్కు."

గార్లండ్ పక్కసీట్లో, కెండ్రా వెనక సీట్లో ఎక్కారు. పొయ్యిని తగిలించుకుని చర్చిదాకా రావడం సులువుగానే అయింది. చిక్కంతా ఆ తర్వాతే. వంటశాల గోడకీ సామాన్ల కొట్టుకీ మధ్య ఇరుకు సందులోకి దాన్ని వెనక్కి నెట్టాలి. వేటకి వెళ్ళలేని పెద్దమనుషులంతా వరసగా నిలబడి ఉన్నారు. టెక్సస్‌లో ట్రైలర్ వెనక్కి వెళ్తోందంటే చూసేవాళ్ళకి కొదవా!

నేడిన్ కారు తిప్పినట్టే స్టీరింగ్ ఎడమకి తిప్పింది. ట్రైలర్ పెడసరంగా కుడికి పోయి, పికప్‌కి అడ్డంగా మడతపడింది. ఒకాయన ఎడమకంటూ చెయ్యూపాడు, ఇంకొకాయన కుడికంటూ. ఎర్ర చొక్కా పెద్దాయన ముందుకొచ్చి కిటికీ దగ్గర, "దిగమ్మా, దిగు. ఇది ఆడవాళ్ళ పని కాదు, నేను చూస్తా," అన్నాడు.

నేడిన్ స్టీరింగ్ వదల్లేదు. తను దిగితే పక్కసీట్లో ఉన్న మనిషి కూడా ఎప్పటికీ దిగిపోయినట్టే. ఆ సంగతి ఆమెకి స్పష్టంగా తెలిసింది.

"కిటికీ అద్దం ఎత్తెయ్," అన్నారు గార్లండ్ నెమ్మదిగా. "వాళ్ళ చేతులు చూడకు. కాస్త ముందుకి పోనిచ్చి తిన్నగా చేసుకో. ఆఁ. ఇప్పుడు స్టీరింగ్ పైన కాదు, కింద అంచు పట్టుకో. తోక ఎటు పోవాలో నీ చెయ్యి అటే జరుపు. కొంచెమే. తొందరేం లేదు, మాంసం ఎటూ చచ్చిందే కదా."

ఆమె నవ్వింది. భుజాలు వదులయ్యాయి. చెయ్యి కొంచెం కుడికి జరిపింది, ట్రైలర్ చెప్పిన మాట విన్నట్టు కుడికి జరిగింది. కొంచెం ఎడమకి. వెనక చూసే అద్దంలో గోడ దగ్గరకొచ్చి, తప్పుకుంది. పొయ్యి, బల్లలోకి సొరుగు దూరినట్టు, సందులోకి దూరి ఆగింది.

 క్లోవిస్ కేక పెట్టాడు, చప్పట్లు మొదలయ్యాయి. వెనక సీట్లో కెండ్రా అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుంది. "క్షమించండి, బండి అమ్మడం లేదు. లేదండీ, ధర గురించి కాదు. మా అమ్మకి కావాలట." ఫోన్ పెట్టేసి, ముందుకి వంగి తండ్రి భుజం మీద తల ఆనించింది. "తప్పు చేశాను నాన్నా. నీ తరఫున నేను మాట్లాడకుండా ఉండాల్సింది."

ఆయన ఆ తల నిమిరారు. "అది సరేగానీ, నాకు చప్పట్లే వినబడుతున్నాయి. మొహాలెలా ఉన్నాయో చెప్పవే."

కెండ్రా కళ్ళు తుడుచుకుని బయటికి చూసింది. "క్లోవిస్ గారు తెరిచిన నోరు ఇంకా మూయలేదు. దిగమ్మా అన్నాయన తన బూట్లలో ఏదో పారేసుకున్నట్టు వెతుక్కుంటున్నారు."

గార్లండ్ సీటు చరుస్తూ నవ్వారు. "మీ అమ్మ?"

కెండ్రా అద్దంలో తల్లిని చూసింది. 

"మామూలుగా లేదు నాన్నా. ఈ ఊరు మొత్తాన్నీ ఇప్పుడే మోసుకొచ్చి దింపినట్టుంది."

నేడిన్ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో కిటికీ అద్దం దించి, "ఎంతసేపు చూస్తారయ్యా? నిప్పు రాజెయ్యండి!" అని అరిచి, హారన్ మోగించింది.