తొంభైమూడు మార్కుల కోచ్

"కదలకండి బెర్తి గారూ. ఊపిరి మామూలుగా తీసుకోండి" అంది డాక్టర్ పసుమర్తి వాగ్దేవి.

హోల్మ్‌విక్ ఫుట్‌బాల్ క్లబ్బు కోచ్ సిల్వానో బెర్తి తలమీద హెల్మెట్ లాంటి పరికరం ఉంది. చెవుల్లో ఒకదాని తర్వాత ఒకటి శబ్దాలు వినిపిస్తున్నాయి. ఎక్కడిదో రైలు కూత. ఎవరిదో దగ్గు. ఆ తర్వాత కీచుమంటూ ఇనుప గేటు తెరుచుకున్న చప్పుడు.

బెర్తి ముఖంలో నవ్వు వచ్చింది. "మా హోల్మ్‌విక్ స్టేడియం వెనక గేటు! తుప్పు పట్టింది. దానికి నూనె వెయ్యొద్దని నేనే చెప్పాను. ఆ చప్పుడు వింటేగానీ నాకు తెల్లవారినట్టుండదు."

"మాట్లాడకండి" అంది వాగ్దేవి. కానీ అప్పటికే స్క్రీన్ మీద అంకె నిలిచిపోయింది.

అది 2058వ సంవత్సరం. ఆల్ప్స్ పర్వతాల దిగువన ఒక ప్రయోగశాల. అప్పటికి యూరప్ ఫుట్‌బాల్ ఒక విచిత్రమైన దశకు చేరుకుంది. అయిదేళ్ళకు సంతకం పెట్టిన కోచ్ అయిదు నెలల్లో ఎక్కువ జీతమిచ్చే క్లబ్బుకు వెళ్ళిపోయేవాడు. క్లబ్బులు మాత్రం తక్కువ తిన్నాయా? వరసగా మూడు మ్యాచ్‌లు ఓడితే కోచ్ పెట్టె గేటు బయట ఉండేది. ఇద్దరూ ఇద్దరే.

ఇది ఫుట్‌బాల్‌తో పుట్టిన జబ్బేమీ కాదు. వెనకటికి మన పౌరాణిక నాటక సమాజాల్లో హార్మోనిస్టుకు ఇలాంటి గిరాకీయే ఉండేది. రేపు నాటకమనగా పక్క సమాజం కాంట్రాక్టరు వచ్చి, శాలువా కప్పి, జేబులో అడ్వాన్సు పెట్టి, బండెక్కించుకుని పోయేవాడు. ఇక్కడ పాపం కృష్ణుడు శ్రుతి లేకుండానే పద్యం ఎత్తుకునేవాడు. ఒక కాంట్రాక్టరు ఇలా కాదని కర్పూరం వెలిగించి హార్మోనిస్టు చేత ప్రమాణం చేయించాడట. కర్పూరం ఆరకముందే ఆ మహానుభావుడు బండెక్కాడని చెప్పుకునేవారు. ప్రమాణంలో పస ఎంతుందో కొలిచే సాధనం ఆ రోజుల్లో లేదు. సరే, అసలు సంగతికి వస్తాను.

ఆ సాధనాన్ని బందరులో పుట్టిన వాగ్దేవి కనిపెట్టింది. పేరు నిష్ఠామాపకం. సూత్రం కష్టమైనదేమీ కాదు. పరాయి రాష్ట్రంలో రైల్వే ప్లాట్‌ఫామ్ మీద ఎవరో మన ఊరి పేరు అంటారు. మనం ఆలోచించుకునే లోపే మెడ అటు తిరుగుతుంది. మెదడులో ఆ కదలిక సెకనులో ఐదో వంతు కాలంలో జరిగిపోతుంది. అబద్ధం అల్లుకోవడానికి అంతకంటే ఎక్కువ వ్యవధి కావాలి. మెదడు ఇంకా నిజాయితీగా ఉన్న ఆ కాస్త సమయంలోనే యంత్రం దాని సంకేతాలను చదివి, నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది.

అద్దాల గదిలోంచి క్రోయర్ బయటికి వచ్చాడు. బ్యాటరీల వ్యాపారంలో కోట్లు గడించి, రీజియా అనే పెద్ద క్లబ్బును కొన్న మనిషి. బెర్తిని తన కోచ్‌గా తీసుకోవాలని ఈ పరీక్ష పెట్టించింది ఆయనే.

"ఎంత?"

"హోల్మ్‌విక్‌కు తొంభైమూడు. మీ రీజియాకు ఆరు."

"ఆరా! నేనిచ్చే జీతం చెప్పాక చూశారా, చెప్పకముందా?"

"చెప్పాకే. చెప్పకముందు ఏడు."

బెర్తి గబగబా హెల్మెట్ తీసేశాడు. "మీ యంత్రం చెడిపోయింది డాక్టరమ్మా. ఇరవై ఏళ్ళలో ఏడు క్లబ్బులు మారినవాణ్ణి. నాకు తొంభైమూడేమిటి?"

"మీ పాత క్లబ్బుల శబ్దాలు కూడా వినిపించాను. ఒక్కటీ ఇరవై దాటలేదు. మనిషి ఎక్కడో ఒకచోట పాతుకుపోతాడు బెర్తి గారూ. అది తనకే ఆఖరున తెలుస్తుంది."

"విధేయుడు కావాలన్నాను గానీ, ఇంకొకరికి విధేయుడైనవాడు నాకెందుకు?" అన్నాడు క్రోయర్, కోటు తొడుక్కుంటూ.

"ఆ గుణం ఉన్నవాడు మీ దగ్గరికి రాడండీ. వచ్చేవాడికి ఆ గుణం ఉండదు" అంది వాగ్దేవి.

"ఆ ముక్క మొదటే చెబితే మీకిచ్చిన ఫీజు నాకు మిగిలేదిగా!" అని ఆయన వెళ్ళిపోయాడు.

బెర్తి ముఖం పాలిపోయింది. రీజియా ఉద్యోగం పోయినందుకు కాదు. అసలు ఆయన వచ్చింది దానికోసం కాదు. హోల్మ్‌విక్ అధ్యక్షురాలు మార్గిట్, జట్టులో గోల్స్ కొట్టే ఓకో అనే ఆటగాణ్ణి అమ్మేయాలనుకుంటోంది. ఓకో పోతే నాలుగేళ్ళు కష్టపడి కట్టిన జట్టు కూలిపోతుంది. 'అతన్ని అమ్మితే నేనూ వెళ్ళిపోతాను' అని బెదిరించడం తప్ప బెర్తి చేతిలో ఇంకేమీ లేదు.

ఫుట్‌బాల్‌లో ఒక ఆనవాయితీ ఉంది. కొలువులో ఉన్న కోచ్‌తో మాట్లాడాలంటే ఆ క్లబ్బు అనుమతి తీసుకోవాలి. పరీక్ష రిపోర్టు కాపీ తనకూ పంపాలన్న షరతు మీద మార్గిట్ అనుమతి ఇచ్చింది. హోల్మ్‌విక్ విషయంలో తనకు పది మార్కులు కూడా రావనీ, అది చూసి ఆవిడ హడలిపోతుందనీ లెక్క వేసుకుని, బెర్తి సంతోషంగా సంతకం పెట్టాడు.

"ఆ కాపీ పంపకండి" అన్నాడిప్పుడు.

"సంతకం చేసింది మీరే కదా."

"పోనీ పదిహేను వేసి పంపండి. మీ సొమ్మేం పోయింది?"

"నా మాట పోతుంది" అంది వాగ్దేవి.

మూడోరోజున మార్గిట్ ఆఫీసులో కుర్చీ, కాఫీ రెండూ బెర్తి కోసం సిద్ధంగా ఉన్నాయి. నాలుగేళ్ళలో ఎన్నడూ లేని మర్యాద.

"ఓకోని అమ్మితే నేను వెళ్ళిపోతాను మేడమ్" అన్నాడు బెర్తి, నిలబడే.

మార్గిట్ బల్లమీది రిపోర్టు వైపు చూసింది. "ఎక్కడికి?" అంది.

బెర్తి చూపు కూడా ఆ రిపోర్టు మీదే పడింది.

"కూర్చో సిల్వానో. నేనేమన్నా సరదాకి అమ్ముతున్నానా? స్టాండుకు పైకప్పు వెయ్యాలి. జనం వానలో తడుస్తున్నారు. జట్టంటావా, నువ్వుంటావుగా, మళ్ళీ కడతావు. తొంభైమూడు మార్కులవాడివి!"

శుక్రవారానికల్లా ఓకో వెళ్ళిపోయాడు. బెర్తి వెళ్ళలేదు. యంత్రం తప్పు చెప్పలేదన్నమాట.

ఈ కథ పొక్కింది. ఎక్కువ మార్కులు వచ్చినవాడికి జీతం పెంచనక్కర్లేదని క్లబ్బులన్నిటికీ తెలిసింది. మార్కులు పెంచే కోచింగ్ సెంటర్లు మనం ఎన్నో చూశాం. తగ్గించేవి మొదట యూరప్‌లో వెలిశాయి. కోచ్‌లు ఊళ్ళో ఇల్లు తీసుకోవడం మానేసి హోటళ్ళలో ఉండసాగారు. మైదానంలో గడ్డి కోసే మనిషి పేరు కూడా తెలుసుకునేవారు కాదు. ఎక్కడ మార్కులు పెరుగుతాయోనని భయం!

ఏడాది తిరిగింది. ఓకో లేని హోల్మ్‌విక్ జట్టు కింది నుంచి రెండో స్థానానికి దిగజారింది. కాంట్రాక్టు పొడిగించేముందు మళ్ళీ పరీక్ష అన్నారు. ఈసారి అద్దాల గదిలో మార్గిట్ కూర్చుంది, నిశ్చింతగా.

రైలు కూత. దగ్గు. గేటు చప్పుడు.

"ఇంకా ఎంతసేపండీ?" అన్నాడు బెర్తి.

స్క్రీన్ మీద పదకొండు.

వాగ్దేవి యంత్రాన్ని ఆపి, వైర్లన్నీ సరిచూసి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ పదకొండే. మార్గిట్ లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"సిల్వానో! ఏమిటిది? ఓకోని తిరిగి కొంటాను. జీతం రెట్టింపు చేస్తాను. ఇంకేం కావాలో అడుగు, ఇక్కడే రాసిస్తాను!"

బెర్తి హెల్మెట్ తీసి, చెదిరిన జుట్టు సర్దుకున్నాడు. ఆయన ముఖంలో కోపమేమీ లేదు.

"అడగాల్సినదంతా పోయినేడే అడిగాను మేడమ్. ఇప్పుడేమీ తట్టడం లేదు."

కోటు చేతిమీద వేసుకుని, తలుపు దగ్గర ఆగాడు.

"ఒక్కపని చేయించండి. ఆ గేటుకు కాస్త నూనె వేయించండి. చెవులు పోతున్నాయి."