కొలత చూడని గౌను

"వాడికా గౌను?" హుక్కుకు తగిలించబోతున్న తన తెల్ల క్వయర్ గౌనును టపాకాయ విసురుగా కుర్చీలో పడేసింది.

ఆ పేరు ఊరికే రాలేదు. అగ్గిపుల్ల చూపిస్తే చాలు, భగ్గుమంటుంది. ఇవాళ ఆ అగ్గిపుల్ల మేనత్త కొడుకు బంతిగాడు. పోయిన వారం వాడు చర్చి కిటికీ అద్దం పగలగొట్టి, నేరం వాచ్‌మన్ తాత మీదికి నెట్టాడు. నిన్న ఏడ్చుకుంటూ ఒప్పుకున్నాడు. పాస్టరుగారు, తాత ఇద్దరూ క్షమించేశారు. ఇవాళ పాటల టీచరు వాడిని చర్చి పాటల బృందంలో, అదే క్వయర్‌లో, చేర్చుకుని గౌను కూడా ఇచ్చేసింది!

వాడికి పల్లవి కూడా రాదు. పైగా వస్తూనే అందరినీ తోసుకుంటూ ముందుకు పోయాడు.

టపాకాయకు ఒళ్లు మండిపోయింది. అందరూ నీళ్లు తాగడానికి వెళ్లగానే వాడి గౌను లాగి బీరువా వెనక్కి కుక్కింది. పర్రుమంది. గౌను చెయ్యి సగం చిరిగి వేలాడింది.

తలుపు దగ్గర టీచరు నిలబడి ఉంది.

ఇక తనను పాడనివ్వరని టపాకాయకు అర్థమైపోయింది. అయినా కోపం మాత్రం దిగలేదు. చింపింది తనేనని, తప్పేనని ఒప్పుకుంటూనే, వాడు కాస్తయినా మారకుండా గౌను ఎలా ఇస్తారని గుక్క తిప్పుకోకుండా అడిగేసింది.

"క్షమించాను. నీ చోటు నీదే," అంది టీచరు.

"అంతేనా?"

"అంతే. ఇక కుడదాం రా."

సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది. "నువ్వూ ఒక్క పాటా రాకుండానే చేరావు. గౌను నేలమీద ఈడ్చుకుంటూ తిరిగావు. నేను కొలత చూసి ఇవ్వను. ముందు ఇచ్చేస్తాను, తర్వాత అందులోకి ఎదుగుతారు. దేవుడూ అంతే తల్లీ. నమ్మినవాళ్లను యేసయ్యను బట్టి ఆ క్షణంలోనే నీతిమంతులు అనేస్తాడు. ఆ తర్వాత మెల్లగా మారుస్తూ వస్తాడు. దానికే బోలెడు టైం పడుతుంది."

"నాక్కూడానా?"

"నీకైతే మరీనూ."

నవ్వు రాబోతే టపాకాయ పళ్లు బిగించి ఆపుకుంది.

అందరూ తిరిగొచ్చాక గౌను తొడుక్కుంటూ బంతిగాడు, "ఈ వంకర కుట్లేంటే?" అన్నాడు.

"నేనే చింపాను. నేనే కుట్టాను. సారీ."

వాడు ఆ కుట్లను వేలితో తడిమి చూసుకున్నాడు. పాట మొదలైంది. రెండో లైనుకే వాడి గొంతు ఎటో పోయింది. అందరూ కిసుక్కుమన్నారు. టపాకాయకు మళ్లీ చిర్రెత్తుకొచ్చింది. అయినా జరిగి వాడి పక్కన నిలబడింది. వాడి చెవి దగ్గర, వాడికి మాత్రమే వినిపించేలా, ఆ లైను మెల్లగా పాడింది.