తలుపేసుకోండి అల్లుడుగారూ

రైలు వంతెన కింద రోడ్డు పల్లంలోకి దిగే చోటుంది చూశారూ, దానికి మంచి పేరు లేదు. పగలు మామూలు రోడ్డే. చీకటి పడ్డాక మాత్రం అక్కడ ఏ బండీ ఆగదు. ఆడదెయ్యమని కొందరు, కాదు, చలికి బిగుసుకుపోయిన లారీ క్లీనరని కొందరు. ఎవరి దెయ్యం వాళ్లది! అందరూ ఒప్పుకునేది ఒక్కటే... ఆ పల్లంలోకి దిగగానే క్యాబిన్‌లో ఎముకలు కొరికే చలి పుడుతుంది.

మఫ్లర్ మామకి ఈ సంగతి తెలియక కాదు. ఆయన బ్రెడ్డు వ్యాను డ్రైవరు. ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు వదలడు, అందుకే ఆ పేరు. వ్యాను వయసు మాత్రం అడక్కండి. హీటరు చచ్చి ఎన్నేళ్లయిందో దానికే గుర్తులేదు.

ఇన్నాళ్లూ చలిని ఓర్చుకున్నాడు సరే, ఇప్పుడు మనవరాలు పుట్టింది. మర్నాడు పొద్దున్నే తల్లీబిడ్డల్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తేవాలి. పసిదాని మొదటి ప్రయాణం తన బండిలోనే జరగాలని తాత పంతం. ఆ బండి తోలే కదా దాని తల్లిని పెంచాడు! అల్లుడేమో ససేమిరా అన్నాడు.

“అది బండి కాదు మామయ్యా, ఫ్రిజ్జు. నా కూతుర్ని అందులో ఎక్కించను. కారు మాట్లాడతాను.”

“ఈ రాత్రి నాతో ఆ వంతెనదాకా రండి. మీకు చలేసిందా, కారే మాట్లాడండి. నేను నోరెత్తను.”

సాయంత్రమంతా మామ బండికి వైద్యం చేశాడు. గేరు రాడ్డు చుట్టూ సందులో పాత మేజోళ్లు కుక్కాడు. తలుపుల అంచున రబ్బరు బీటలు వారితే సైకిలు ట్యూబు కోసి అంటించాడు. కాళ్ల కింద గోనెపట్టాలు వేశాడు. రేడియేటరుకి చల్లగాలి కొట్టకుండా ముందు అట్ట కట్టాడు. అలా చేస్తే ఇంజను తొందరగా కాగి, ఆ వేడి క్యాబిన్‌లోకి వస్తుంది. సీటు మీద ఇంట్లోని మెత్తటి దుప్పటి పరిచాడు.

“నా దుప్పటి కూడా దానికేనా? రేపట్నుంచి వంట కూడా అదే చేసిపెడుతుందిలే,” అంది ఆయన భార్య.

పోయేటప్పుడు అంతా బాగానే ఉంది. అల్లుడు చేతులు కూడా రుద్దుకోలేదు. మామ లోలోపల పొంగిపోయాడు. వంతెన దాటి, బండి తిప్పుకుని, మళ్లీ పల్లంలోకి దిగారో లేదో...

“మామయ్యా... గాలి!”

“అయ్యయ్యో, ఇక్కడ ఆ మాట అనకండి!” మామ గొంతు తగ్గించాడు. “ఏ గాలి పలుకుతుందో ఏమో! ఈదర అనండి, శీతలం అనండి...”

“ఏదైతేనేం, కాళ్లు కొంకర్లు పోతున్నాయి.”

ముందు పక్క ఏదో టపటపా కొట్టుకుంటోంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. టప్... టప్...

“ఓస్, అట్ట ఊడింది!” అన్నాడు మామ. “కాస్త దిగి కట్టండి బాబూ. నేను యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఇది ఆగిపోతుంది. ఇక్కడ ఆగిందంటే ఇక తెల్లారినట్టే.”

అల్లుడు దిగాడు. అట్ట కట్టాడు. మంచులో నీడలా అటు జరిగాడు... ఆ తర్వాత అలికిడి లేదు. తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంది. సాయంత్రమంతా కూడబెట్టిన వెచ్చదనం క్షణంలో బయటికి పోతుంటే మామ కేకేశాడు.

“ఎక్కితే ఎక్కండి! ఎక్కి తలుపేసుకోండి, వేడంతా పోతోంది!”

సీటు స్ప్రింగు కిర్రుమంది.

ధడేల్‌మని తలుపు పడింది.

మామ బండి లాగించాడు. అద్దం మీద ఆవిరి పట్టింది, ఒక చేత్తో గుడ్డ పెట్టి తుడుస్తూనే ఉన్నాడు. క్యాబిన్‌లో లైటు లేదు. పక్కకి తిరిగితే రోడ్డు తప్పిపోతుందని కళ్లు ముందుకే అతికించాడు. కానీ ఎంత హాయిగా ఉందో! క్యాబిన్ ఎన్నడూ ఇంత వెచ్చగా లేదు.

“ఇప్పుడు బాగుందా?”

“ఊఁ.”

అల్లుడు మెత్తబడ్డాడు! మామకి ఉత్సాహం వచ్చి మనసులో ఉన్నదంతా చెప్పేశాడు. కూతురు చిన్నప్పుడు బ్రెడ్డు ట్రేల మధ్య ఎలా నిద్రపోయేదో, స్కూలుకి ఈ బండిలోనే ఎలా దింపేవాడో చెప్పాడు. ప్రతి మాటకీ ఊఁ కొడుతూనే ఉన్నాడు పక్కనున్నవాడు. పెళ్లయినప్పట్నుంచి ఈ అల్లుడు తన మాట ఇంత శ్రద్ధగా ఎప్పుడు విన్నాడు గనక!

“అయితే... రేపు పాపని ఇందులోనే తెద్దామా?”

మామ అద్దం మీద ఆవిరి మరోసారి తుడిచాడు...

“ఊఁ.”

మామకి కళ్లు చెమర్చాయి. ఇంటి ముందు బండి ఆపి ఒక్క దూకు దూకాడు.

“ఏమేవ్! అల్లుడు ఒప్పేసుకున్నాడే!”

భార్య టార్చిలైటు పట్టుకుని వచ్చింది. క్యాబిన్‌లోకి వేసి చూసింది.

“ఏడీ?”

సీటు ఖాళీగా ఉంది. దుప్పటి మాత్రం... ఎవరో ఒళ్లంతా చుట్టుకున్నట్టు ముడుచుకుని ఉంది.

ఇంతలో ఎవరిదో బైకు వచ్చి ఆగింది. వెనక సీటు మీంచి అల్లుడు దిగాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

“ఒ-ఒక్క నిమిషం పొద చాటుకి వెళ్లొచ్చేలోపు వదిలేసి వచ్చేస్తారా మామయ్యా! ఎంత అరిచినా వినపడదా! ఆ పల్లం దాటి పరిగెత్తాక గానీ ఒక్క బైకూ ఆగలేదు!”

“మీరెక్కారనే... అనుకున్నాను...”

“ముందు జరగండి, చచ్చిపోతున్నాను!” అంటూ అల్లుడు క్యాబిన్‌లోకి ఎక్కి, దుప్పటి లాక్కుని కప్పుకున్నాడు. మెల్లగా వణుకు తగ్గింది. ముఖంలోకి రంగు వచ్చింది.

“అబ్బ... అన్యాయంగా అనకూడదు మామయ్యా. మా ఇంట్లో కూడా ఇంత వెచ్చగా ఉండదు. కారెందుకు? రేపు పాపని దీంట్లోనే తీసుకొద్దాం.”

“ఊఁ.”

బయట నిలబడ్డ మామ పెదవి కదపలేదు. భార్య ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏదో అనబోయింది. మామ చటుక్కున మఫ్లరు తీసి ఆవిడ నోటికి అడ్డం పెట్టాడు.

అల్లుడు క్యాబిన్‌లోంచి తల బయటికి పెట్టాడు.

“ఇప్పుడు ఊఁ అన్నది... మీరేగా మామయ్యా?”

“నేనే అల్లుడుగారూ,” అన్నాడు మామ. “నేనే.”